నల్ల నీళ్లు ఎక్కడికి పోయాయి?

మా చరిత్ర మాస్టారు ఈ ఏడాది పత్రికకు వ్యాసాలు రాయమన్నప్పుడు ఒక షరతు పెట్టారు. "రాజుల గురించీ, యుద్ధాల గురించీ వద్దు. మీ ఇంట్లో ఎవరో ఒకరు చేసిన పని తీసుకోండి. ప్రతి పనికీ ఒక చరిత్ర ఉంటుంది. అది వెతికి రాయండి" అన్నారు.

మా ఇంట్లో పని అంటే ముందు తాతయ్య పనే గుర్తొస్తుంది. మాది శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర ఒక పల్లె. తాతయ్య 1971లో, ఇరవై ఏళ్ల వయసులో, ఊరివాళ్లు నలుగురితో కలిసి రైలెక్కి, దామోదర్ నది ఒడ్డున ఒక బొగ్గు వాషరీలో పనికి కుదిరాడు. పదకొండేళ్ల తర్వాత అక్కడ మానేసి రూర్కెలా వచ్చేశాడు. మా నాన్న పుట్టింది ఇక్కడే, నేను పుట్టిందీ ఇక్కడే. మాకు బయట ఒడియా, హిందీ. ఇంట్లోనూ బళ్లోనూ తెలుగు.

"తాతయ్యా, వాషరీలో నువ్వు ఏం పని చేసేవాడివి?" అని అడిగాను.

"నీల్ల పనే అమ్మడూ. బొగ్గు కడిగిన నీల్లని పంపుతో సెరువులోకి తోలీవోన్ని."

"తర్వాత ఆ నీళ్లు ఎక్కడికి పోయేవి?"

తాతయ్య వెంటనే జవాబు చెప్పలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "పోనాయి" అన్నాడు. అంతే.

ఎక్కడికి పోయాయో తెలుసుకోవాలనే ఈ వ్యాసం రాశాను.

బియ్యం గాలించినట్టే

మన దేశపు బొగ్గులో మట్టి, రాయి ఎక్కువ. కోట్ల ఏళ్ల కిందట చెట్లూ ఆకులూ వరద నీటిలో కొట్టుకొచ్చి, ఇసుకతోనూ బంకమట్టితోనూ కలిసి పేరుకున్నాయి. అందువల్ల బొగ్గుతో పాటు మట్టి కూడా లోపలే ఇరుక్కుపోయింది. బొగ్గు కాలాక మిగిలే ఆ మట్టి భాగమే బూడిద. ఉక్కు తయారీకి వాడే బొగ్గులో బూడిద 17, 18 శాతం దగ్గర ఉంటే మంచిది. గని నుంచి వచ్చిన బొగ్గులో అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. అందుకే కడగాలి.

మామ్మ బియ్యం గాలించడం చూసినవాళ్లకి ఈ పని సులువుగా అర్థమవుతుంది. నీళ్లలో తిప్పి వంచితే బియ్యం పక్క గిన్నెలోకి జారతాయి, రాళ్లు అడుగున ఉండిపోతాయి. బొగ్గూ అంతే. నీటి బరువు 1 అనుకుంటే బొగ్గు సుమారు 1.3, రాయి రెండుకు పైన. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజాన్ని మెత్తగా పొడి చేసి నీళ్లలో కలిపితే ఆ నీళ్లు బరువెక్కుతాయి. అందులో వేస్తే బొగ్గు పైకి తేలుతుంది, రాయి మునుగుతుంది. అర మిల్లీమీటరు కంటే సన్నని పొడిని నురగ పద్ధతిలో తీస్తారు. నీళ్లలో కొంచెం నూనె వేసి గాలి బుడగలు పంపితే, బొగ్గు పొడి బుడగలకి అంటుకుని పైకి వస్తుంది.

మన దేశంలో బొగ్గు తవ్వకం రాణిగంజ్‌లో 1774లోనే మొదలైంది. కానీ కడగడం చాలా ఆలస్యంగా వచ్చింది. టాటా సంస్థ 1951లో వెస్ట్ బొకారోలో, 1952లో జామాడోబాలో వాషరీలు పెట్టింది. ప్రభుత్వ రంగంలో 1958లో కర్గలీ వాషరీ వచ్చింది. అదే కాలంలో రూర్కెలా, భిలాయ్, దుర్గాపూర్‌లలో ఉక్కు కర్మాగారాలు లేస్తున్నాయి. వాటికి కడిగిన బొగ్గు కావాలి. అందుకే వాషరీలు వరసగా దామోదర్ చుట్టుపక్కల వెలిశాయి.

ఊళ్లో ఉన్నప్పుడు మా మామ్మ బియ్యం కడిగిన నీళ్లు పారబోసేది కాదట. కుడితి గోలెంలో పోసేది, గేదె తాగేది. బొగ్గు కడిగిన నీళ్లు ఏ గేదే తాగదు. అందులో కంటికి ఆనని బొగ్గు పొడి, బంకమట్టి కలిసి ఉంటాయి. గ్లాసులో పోసి రోజుల తరబడి ఉంచినా పూర్తిగా తేటపడవు. ఈ నల్ల బురద నీటినే స్లర్రీ అంటారు. దీన్ని పెద్ద చెరువుల్లోకి తోలి, బురద అడుగుకి దిగాక పైనున్న నీటిని తీయడం పాత పద్ధతి. తాతయ్య కాపలా కాసింది అలాంటి చెరువుకే.

కంటికి కనిపించని మురికి

కడిగిన బొగ్గుతో కథ అయిపోదు. దాన్ని గాలి తగలని పొయ్యిలో 1,000 డిగ్రీలకు పైగా, సుమారు 18 గంటలు కాలుస్తారు. అప్పుడు అది కోక్ అవుతుంది. ఇనుప ఖనిజాన్ని కరిగించడానికి కావలసింది ఈ కోకే. కాలేటప్పుడు బొగ్గులోని తేమ, వాయువులు, తారు బయటికి వస్తాయి. చల్లారాక ఆ తేమ మళ్లీ నీరవుతుంది. ఆ నీటిలో అమ్మోనియా, ఫినాల్, సయనైడ్ కలిసి ఉంటాయి. వాషరీ నీరు నల్లగా ఉంటుంది కాబట్టి చూసినవాడు జాగ్రత్త పడతాడు. కోక్ నీటి సంగతి అలా కాదు. నదిలో కలిసి పలచబడ్డాక రంగు కనిపించదు, విషం మాత్రం ఉంటుంది.

ఫినాల్ మనకు కొత్తదేమీ కాదు. 1834లో రుంగే అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త దాన్ని తారులోంచి తీశాడు. 1865లో జోసెఫ్ లిస్టర్ అనే వైద్యుడు గాయాలకు చీము పట్టకుండా దాన్నే వాడాడు. మన అమ్మమ్మలు కార్బాలిక్ సబ్బు అన్నారే, ఆ వాసన దానిదే. గాయానికి మందు అయినది నదిలో పడితే చేపకు విషం.

రూర్ లోయలో చేపల తగాదా

ఈ నీటిని శుద్ధి చేయడం ఎవరు మొదలుపెట్టారని వెతికితే, దారి మా ఊరి నుంచే జర్మనీకి పోయింది. రూర్కెలా ఉక్కు కర్మాగారాన్ని కట్టడానికి 1953లో మన ప్రభుత్వం క్రుప్, డెమాగ్ అనే రెండు జర్మన్ సంస్థలతో ఒప్పందం చేసుకుంది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 3న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ రెండు సంస్థలూ రూర్ ప్రాంతానివే. బొగ్గుకీ ఉక్కుకీ యూరప్‌లో పేరుపడ్డ చోటు అది.

రూర్ ప్రాంతం మధ్యగా ఎమ్షెర్ అనే చిన్న నది పారి, రైన్ నదిలో కలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివరికి గనుల నీరు, కోక్ నీరు, పట్టణాల మురుగు అన్నీ అందులోనే పడ్డాయి. మురుగును భూమి కింద గొట్టాల్లో పంపుదామంటే కుదర్లేదు. కింద గనులు తవ్వుతున్నారు కాబట్టి నేల కుంగిపోతూ ఉండేది, గొట్టాలు పగిలిపోయేవి. ఏ ఊరికి ఆ ఊరు "మాది కాదు, పైవాళ్లది" అనడం మొదలుపెట్టింది.

చివరికి 1899లో ఊళ్లు, గనులు, కర్మాగారాలు అన్నీ కలిసి ఎమ్షెర్ సహకార సంఘం పెట్టుకున్నాయి. 1904లో దానికోసం ప్రత్యేక చట్టం వచ్చింది. మురికి కలిపే ప్రతివాళ్లూ ఖర్చులో వాటా కట్టాలి. కానీ వాళ్లు ఎంచుకున్న పరిష్కారం చూస్తే బాధేస్తుంది. నదినే తిన్నగా చేసి, అడుగున కాంక్రీటు వేసి, బహిరంగ మురుగు కాలవగా మార్చేశారు. ఎమ్షెర్ ఒడ్డు జనానికి మురుగు దూరంగా పోయింది. పోయి ఎక్కడ పడింది? రైన్‌లో.

రైన్‌లో చేపలు పట్టేవాళ్లు గొడవ మొదలుపెట్టారు. చేపలు వండితే కార్బాలిక్ వాసన వస్తోంది, కొనేవాళ్లు లేరు. నీటిలో ఫినాల్ చాలా తక్కువగా ఉన్నా చేప మాంసానికి ఆ రుచి పట్టేస్తుంది. ఫినాల్ ఉన్న నీటికి క్లోరిన్ కలిపితే తాగే నీటికి కూడా మందు వాసన వస్తుంది.

1920లలో ఎమ్షెర్ సంఘం కోక్ కర్మాగారాల దగ్గర ఫినాల్ తీసే యంత్రాలు పెట్టించింది. పద్ధతి తెలివైనది. కోక్ పొయ్యిల్లోనే బెంజాల్ అనే నూనెలాంటి ద్రవం దొరుకుతుంది. మురికి నీటిని బెంజాల్‌తో బాగా కలిపితే ఫినాల్ నీటిని వదిలి బెంజాల్‌లోకి పోతుంది. తర్వాత కాస్టిక్ సోడాతో కడిగి ఆ ఫినాల్‌ను వేరు చేస్తారు, బెంజాల్‌ను మళ్లీ వాడతారు. అప్పటికి ఫినాల్‌కు గిరాకీ ఉంది. 1907లో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైట్ అనే ప్లాస్టిక్‌కు ముడిసరుకు అదే. పాత రేడియో పెట్టెలూ కరెంటు స్విచ్చులూ దాంతోనే చేసేవారు. నిన్నటిదాకా నదిలో పారేసినదాన్ని డబ్బాల్లో నింపి అమ్మారు.

ఈ భాగం చదివి నేను చాలా సంతోషపడ్డాను. కానీ ఒక సంగతి మర్చిపోకూడదు. ఫినాల్ నష్టమని కర్మాగారాలకు వాటంతట అవి తట్టలేదు. కింద చేపలు పట్టేవాళ్లు ఊరుకోలేదు కాబట్టి తట్టింది.

విషం తినే సూక్ష్మజీవులు

యంత్రాలతో తీసినా కొంత ఫినాల్ నీటిలో మిగులుతుంది. దాన్ని తీసేది కంటికి కనిపించని జీవులు. 1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురుగు నీటిలోకి గాలి ఊదుతూ ఒక ప్రయోగం చేశారు. నీరు తేటపడ్డాక అడుగున మిగిలిన బురదను పారేయకుండా కొత్త మురుగులో కలిపారు. శుద్ధి కావడానికి పట్టే సమయం బాగా తగ్గిపోయింది. ఆ బురదలో బతికి ఉన్న బ్యాక్టీరియాయే మురికిని తినేస్తోంది. పాలలో తోడు వేసినట్టన్నమాట. నిన్నటి పెరుగులోంచి చెంచాడు వేస్తే ఇవాళ్టి పాలు తోడుకుంటాయి.

ఈ పద్ధతి ముందు ఊళ్ల మురుగు కోసమే వచ్చింది. తర్వాత కోక్ నీటికీ పనికొచ్చింది. ఫినాల్‌ను తిని బతికే బ్యాక్టీరియా ఉంది. దానికి మెల్లమెల్లగా అలవాటు చేయాలి, ఒక్కసారిగా ఎక్కువ విషం వదిలితే చచ్చిపోతుంది. ఇప్పుడు కోక్ నీటికి పనులు వరసగా చేస్తారు. ముందు తారు, నూనె తీస్తారు. ఆవిరి పంపి అమ్మోనియాను వెళ్లగొడతారు. తర్వాత గాలి ఊదే తొట్టెల్లో బ్యాక్టీరియాకు అప్పగిస్తారు. చివర బురద దిగాక పై నీరు తీస్తారు. మన దేశంలో కోక్ కర్మాగారం బయటికి వదిలే లీటరు నీటిలో ఫినాల్ 1 మిల్లీగ్రాము, సయనైడ్ 0.2 మిల్లీగ్రాములు మించకూడదని నిబంధన.

దామోదర్ ఒడ్డున

ఇక తాతయ్య నది దగ్గరికి వద్దాం. దామోదర్ ఛోటానాగ్‌పూర్ కొండల్లో పుట్టి, బొగ్గు గనుల మధ్యగా పారి, బెంగాల్‌లో హుగ్లీలో కలుస్తుంది. వరదల వల్ల దాన్ని బెంగాల్ దుఃఖం అనేవారు. వరదలు ఆపడానికి 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ పెట్టారు, ఆనకట్టలు కట్టారు. వరద దుఃఖం తగ్గేసరికి నల్ల నీటి దుఃఖం వచ్చింది. వాషరీల స్లర్రీ వాగుల్లోంచి నదిలోకి చేరి ఇసుక మీద పేరుకునేది. పేదవాళ్లు ఆ బురదను తట్టలతో ఎత్తి, ఆరబెట్టి, వంటచెరకుగా అమ్ముకునేవారు. ఒకరు పారేసింది ఇంకొకరికి కూడు పెట్టిందని దీన్ని మెచ్చుకోవచ్చు. కానీ ఆ జనం తాగే నీరూ ఆ నదిదే.

1974లో మన పార్లమెంటు నీటి కాలుష్యాన్ని ఆపే చట్టం చేసింది. అప్పటికి తాతయ్య పనిలో చేరి మూడేళ్లు. "చట్టం వచ్చిందని నీకు తెలుసా?" అని అడిగాను. "మాకెవులు సెప్తారే?" అన్నాడు.

ఆ రాత్రి అన్నం తిన్నాక తాతయ్యే నన్ను పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. ఆయన చెప్పినది ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"మీ నాన్న పుట్టక ముందు సంగతి. వానాకాలం. మూడ్రోజులు ముసురు. సెరువు నిండిపోనాది. గట్టు తెగితే కిందున్న లైనిళ్లు మునిగిపోతాయి. రాత్రి సూపర్‌వైజరొచ్చి 'తూము ఎత్తీరా' అన్నాడు. నానే ఎత్తినాను. తెల్లారేదాకా నల్ల నీల్లు వాగులోకి పోనాయి.

"మర్నాడు పొద్దున్న కిందూరి నుంచి ఒక ముసలాయన వొచ్చినాడు. సేతిలో ఇత్తడి సెంబు. ఏటీ అన్లేదు. ఆ సెంబు నా ముందు గట్టు మీద పెట్టి ఎల్లిపోనాడు. సూస్తే వాగు నీల్లు. సిరాలాగున్నాయి. తిట్టుంటే బాగున్ను. మూన్నాల్లు ఆ సెంబు అక్కడే ఉంది. నాను ముట్టుకోలేకపోనాను."

"తూము ఎత్తడం నీ తప్పా తాతయ్యా?"

"కాదు. గట్టు తెగితే ఇంకా నష్టం. రెండో సెరువు తవ్వకపోడం తప్పు. ఆ తరవాతైనా ఎవులూ అడక్కపోడం తప్పు. నానూ అడగలేదు. ఇంకో మూడేల్లు అక్కడే సేసినాను. జీతం కావాల గదా."

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆ జీతంతోనే మా పెద్ద మేనత్తను బళ్లో వేశారు.

మళ్లీ వాడడం అంటే

ఇప్పటి నిబంధన ప్రకారం వాషరీ నీరు బయటికి పోకుండా లోపల్లోపలే తిరగాలి. దీన్ని మూసిన వలయం అంటారు. కడిగిన నీరు థికెనర్ అనే పెద్ద గుండ్రని తొట్టెలోకి వస్తుంది. అక్కడ ఒక మందు కలిపితే సన్నటి పొడి రేణువులు ఒకదానికొకటి అంటుకుని గడ్డలుగా మారి త్వరగా అడుగుకి దిగుతాయి. పై నీరు మళ్లీ కడగడానికి పోతుంది. అడుగు బురదను గుడ్డల మధ్య పెట్టి పిండితే అందులోని నీరు కూడా వెనక్కి వస్తుంది, బొగ్గు చెక్కలుగా మిగులుతుంది. ఆ చెక్కలనూ ఇంధనంగా వాడొచ్చు. టన్ను బొగ్గుకు కొత్తగా కలిపే నీరు ఒకటిన్నర ఘనపు మీటర్లు మించకూడదు. తాతయ్య అడిగిన రెండో చెరువుకు జవాబు ఇదే. వానాకాలపు నీటికి కూడా ముందే చోటు ఉంచాలి.

అయితే మళ్లీ వాడినంత మాత్రాన మురికి పోయినట్టు కాదు. పొయ్యిలోంచి తీసిన ఎర్రటి కోక్‌ను నీళ్లు కొట్టి చల్లారుస్తారు. టన్ను కోక్‌కు సుమారు అర టన్ను నీరు ఆవిరైపోతుంది. పూర్వం చాలా దేశాల్లో శుద్ధి చేయని ఫినాల్ నీటినే దీనికి వాడేవారు. నదిలోకి ఒక్క చుక్క పోలేదని లెక్కల్లో రాసుకోవచ్చు. కానీ ఆ విషం ఆవిరితో పాటు పైకి లేచి, చుట్టుపక్కల ఇళ్ల మీద దిగేది. నీటి మురికి గాలి మురికి అయింది, అంతే. ఇందుకే చల్లార్చడానికి కూడా శుద్ధి చేసిన నీరే వాడాలంటారు.

అసలు నీళ్లే లేకుండా చల్లార్చే పద్ధతి కూడా ఉంది. మన విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్‌ను నైట్రోజన్ వాయువుతో చల్లారుస్తారు. ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు. విషం కలపని నీటికి శుద్ధి అక్కర్లేదు కదా. అన్నిటికంటే మంచి దారి అదే అనిపించింది.

ఎమ్షెర్ సంగతి ముగించాలి. గనులు మూతపడి నేల కుంగడం ఆగాక, 1992లో నదిని బాగుచేసే పని మొదలుపెట్టారు. మురుగు కోసం భూమి కింద 51 కిలోమీటర్ల పెద్ద కాలవ కట్టారు. 500 కోట్ల యూరోలకు పైగా ఖర్చయింది. 2021 చివరికి ఎమ్షెర్‌లోకి మురుగు పడడం ఆగింది. జర్మనీలో చివరి రాతిబొగ్గు గని 2018 డిసెంబరులో మూతపడింది. అయినా పాత గనుల్లోని నీటిని పంపులతో తోడుతూనే ఉండాలి. ఆపితే ఆ ఉప్పు నీరు పైకి వచ్చి మంచినీటిలో కలుస్తుంది. ఎప్పటిదాకా తోడాలంటే, ఎప్పటికీ. బొగ్గు తవ్వినవాళ్లు పోయారు, నీళ్ల పని మాత్రం మనవల చేతికి వచ్చింది.

మా ఊళ్లో వేదవ్యాస్ దగ్గర కోయెల్, శంఖ్ నదులు కలిసి బ్రాహ్మణి అవుతుంది. శివరాత్రికి అందరం అక్కడికి వెళతాం. ఇంతకుముందు నేను నీళ్లు చల్లుకుని వచ్చేసేదాన్ని. ఈసారి పైనుంచి ఏం వస్తోంది, కింద ఎవరున్నారు అని ఆలోచిస్తూ నిలబడ్డాను. మేమూ ఎవరికో పైవాళ్లమే, ఎవరికో కిందవాళ్లమే.

ఈ వ్యాసం రాయడం అయ్యాక తాతయ్యకు చదివి వినిపించాను. మొత్తం విని, ఒక్క మాట మార్చమన్నాడు.

"'తెల్లారేదాకా నల్ల నీల్లు వాగులోకి పోనాయి' అని రాసినావు. నాను అలాగే సెప్పినాను గానీ, అది తప్పు. నీల్లు వాటంతటవి పోవు. 'వొదిలినాం' అని రాయి."

పైన ఆయన మొదట చెప్పినట్టే ఉంచేశాను. ఇక్కడ మాత్రం ఆయన దిద్దినట్టు రాస్తున్నాను. నల్ల నీళ్లు పోలేదు. వదిలాం.